చేతులు కట్టించుకుని గోలు కాసినాయన

కామందుగారు పోయారన్న మాట నాకు కొవ్వూరు స్టేషన్లో తెలిసింది. రాజమండ్రి వెళ్ళే బండి కోసం కూర్చుని ఉంటే, పక్కన తమలపాకుల గంపలు దించుకున్న ఇద్దరు ఆ సంగతే చెప్పుకుంటున్నారు. ఒకాయన కామందుగారి గాదెల గురించి చెప్పాడు. రెండో ఆయన వాళ్ళింటి పెళ్ళిళ్ళలో వడ్డించిన పూర్ణబ్బూరెల గురించి, అప్పుడే ఒకటి మింగినట్టు చెప్పాడు. తరవాత ఇద్దరూ కలిసి ఆయన ఎడ్లను తలుచుకున్నారు. బంతి మాట మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. నేను ఉండబట్టలేక, ఆయన గొప్పగా గోలు కాసేవారండీ అన్నాను. గోలంటే ఏంటండీ అన్నాడు బూరెలాయన. రెండు వెదుళ్ళ మధ్య నిలబడి, దొరలు తన్నిన తోలుబంతి లోపలికి పోకుండా ఆపడమండీ, అదీ చేతులు వెనక్కి కట్టించుకుని, అని చెప్పాను. ఆయన నన్ను పొద్దుటే కల్లు పుచ్చుకున్నవాణ్ణి చూసినట్టు చూసి, గంపను కాస్త అవతలికి జరుపుకున్నాడు.

ఆయన తప్పేం లేదు. గోదారి మీద ఈ రైలు వంతెన కడుతున్న రోజుల్లో మా ఊళ్ళో ఒక బంతి క్లబ్బు ఉండేదంటే ఇప్పుడు మా ఊరివాళ్ళే సగం మంది నమ్మరు. చదువుకున్నవాళ్ళైతే క్లబ్బు చరిత్ర రాయమంటే, ఎవరెవరితో ఆడిందీ, ఎక్కడెక్కడ గెలిచిందీ వరసగా రాసుకుపోతారు. నేను బడిని మధ్యలోనే వదిలేసినవాణ్ణి. పైగా మా క్లబ్బుకు ఆ వరసలో రాయడానికి ఏమీ లేదు. మాకు ఆడడానికి దొరికిందల్లా వంతెన పని చేయించే దొరల జట్టు ఒక్కటే. దాని మీద మేం ఒక్కసారి కూడా గెలవలేదు. కనక మా క్లబ్బు చరిత్ర అంటే కామందుగారే.

మా ఊరు కొవ్వూరికి ఎగువన, గోదారి గట్టు మీద. ఆయన అక్కడ పెద్ద రైతు. పేరు పెట్టి పిలవగలిగినవాళ్ళు ఎప్పుడో కాలం చేశారు కనక ఊరందరికీ కామందుగారే. బస్తా నిలబెట్టినట్టు మనిషి. చెవులకు పోగులు, భుజం మీద కండువా, మెడకూ ఛాతీకీ మధ్య సరిహద్దు ఎక్కడో తెలియని ఒళ్ళు. ఆ ఒంట్లో ఉన్నదంతా మర్యాదే. కుక్కను అదిలించినా "అవతలికి వెళ్ళండి" అనేవారని నేను అంటే ఎకసెక్కం అనుకునేవారు. నేను చెవులారా విన్నాను.

ఒకసారి వంతెన పని జరిగేచోటికి గడ్డిబండి తోలించుకుని వెళ్ళి, అక్కడ ఇసుకలో దొరలు బంతి ఆడుతుంటే చూశారట. గడ్డి దింపేసినా ఆయన కదల్లేదట. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ అదే చెప్పారు.

"మీసాలున్న పెద్దవాళ్ళండీ. ఒక్క వస్తువు కోసం ఒగరుస్తూ పరిగెత్తుతున్నారు. తీరా దొరికాక దాచుకోవడం లేదు, పక్కవాడికి ఇచ్చేస్తున్నారు. అంత మర్యాదైన ఆట నేనెక్కడా చూడలేదండి."

క్లబ్బు పుట్టింది ఆ మాటలోంచే. బంతి తెప్పించిందీ, దాని పద్ధతులు దొరలనడిగి తెలుసుకుని వచ్చిందీ మిషన్ బడి మేష్టారు. ఆయన ఊరికి ఎడంగా ఉన్న మాలపల్లెలో లూథరన్ చర్చికి ఆనుకున్న ఇంట్లో ఉండేవారు. నన్ను బళ్ళో ఉంచడానికి చెయ్యగలిగినదంతా చేసి ఓడిపోయిన మనిషి కూడా ఆయనే. మైదానంలో బంతి నా కాళ్ళ మధ్యనుంచి జారిపోయినప్పుడల్లా, "ఎక్కాలూ అంతేగా నీకు" అనేవారు. జట్టులో మేష్టారూ, పల్లెలోంచి పొలం పనికి వచ్చే కుర్రకారూ, ఆ పొలాలున్న రైతుల పిల్లలూ, వెనకవైపు కాసే ఒక కంసాలీ, ఎడమ పక్కన పరిగెత్తే నేనూ. పల్లెవాళ్ళూ ఊరివాళ్ళూ ఒకే చేలో పని చేస్తూ కూడా ఒకరికొకరు ఎడంగా నిలబడే ఊరు మాది. అదే చేలో ఆటకి దిగేసరికి భుజాలు రాసుకునేవి. అదేమిటని అడగడానికి ఎవరికీ తీరిక లేదు, బంతి అప్పటికే ఇంకోచోట ఉండేది.

మైదానం ఆయన పొలమే. వరి కోతలయ్యాక కాలవ పక్క మడిచెక్కలో మినుము చల్లకుండా మా కోసం వదిలేశారు. అమ్మగారు, అంటే కామందుగారి భార్య, దడి వెనకనుంచి మేం వినేలాగే అనేవారు: "మినుము వేస్తే గారెలైనా తిందుం. ఈ బంతి వేస్తే ఏం మొలుస్తుందండీ?" కామందుగారు దానికి చిరునవ్వు నవ్వి, వరి దుబ్బులు కాళ్ళకు గుచ్చుకోకుండా ఇంకోసారి చెక్కించేవారు.

ఇక గోలు. ఇవతల రెండు వెదుళ్ళు, అవతల రెండు వెదుళ్ళు, పైన కొబ్బరితాడు. ఇందులో ఎవరు నిలబడతారని మేష్టారు అడిగితే, కామందుగారు ఆశ్చర్యపోయారు. వచ్చినవాళ్ళని గుమ్మంలో ఎదుర్కోవాల్సింది ఇంటాయనే కదండీ అన్నారు. ఆ వయసులో, ఆ ఒంటితో, పంచె బిగించి వెళ్ళి వెదుళ్ళ మధ్య నిలబడ్డారు. బంతితో ఎవరైనా ఆయన మీదకి దూసుకొస్తే, "రండి, రండి, దయచేయండి" అనేవారు. చేతికొచ్చిన బంతిని అవతలికి తోసెయ్యడమే గానీ, ఒక్కసారీ పట్టి చూసింది లేదు. గోలు పడితే, "బాగా కొట్టారండీ. ఎవరబ్బాయండీ మీరు?" అని అడిగేవారు. గోలు కొట్టిన దొరకు తెలుగు రాదు. మేష్టారు పరిగెత్తుకెళ్ళి అడిగి, వాళ్ళ నాన్నగారు ఓడల మీద పనిచేసేవారటండీ అని చెప్పేవరకూ ఆట ఆగేది.

సగం ఆటయ్యాక కాస్సేపు విరామం ఇవ్వాలని మేష్టారు చెప్పారు. ఆ విరామంలో దొరలు నిమ్మకాయ నీళ్ళు తాగుతారని కూడా చెప్పారు. ఇంటికి వచ్చిన మనిషికి ఉత్త నీళ్ళిచ్చి పంపడం కామందుగారి వల్ల కాలేదు. చేను గట్టు మీద అరిటాకులు పడేవి. పనసపొట్టు కూర, కంద పులుసు, గడ్డపెరుగు, పైన బూరెలు. అతిథులు తింటుంటే మనం చూస్తూ కూర్చోవడం అమర్యాద కనక మేమూ తినాలి. రెండో సగంలో ఇరవైయిద్దరం బిందెలు మోస్తున్నవాళ్ళలాగా నడిచేవాళ్ళం. మా ఆటల్లో గోలన్నది ఎప్పుడు పడినా భోజనానికి ముందే. ఇది దొరల్ని ఓడించడానికి ఆయన పన్నిన ఎత్తని నేను ఊళ్ళో ప్రచారం చేశాను. ఆ మాట ఆయన చెవిన పడి, నన్ను పిలిచి, నిజంగా బాధపడి, నాకు ఇంకో బూరె వేయించారు.

ఊళ్ళో స్వామివారి గుడి వ్యవహారాలు చూసే పెద్దాయన ఒకరుండేవారు. అన్నాళ్ళూ ఏమీ అనని మనిషి, ఆ ఏటి స్వామి కల్యాణం అయ్యాక ఒకనాడు కామందుగారింటికి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. స్వామివారి ఊరేగింపులో పల్లకీ ముందు బొంగు కింద కుడి భుజం పెట్టే హక్కు కామందుగారి వంశానిది. ఆయన తాత పెట్టారు, తండ్రి పెట్టారు, ఆయన పెడుతున్నారు. ఎన్ని ఎకరాలున్నా ఆయన ఆస్తి అని అనుకునేది అదొక్కటే. పెద్దాయన గొంతు పెంచకుండానే చెప్పారు.

"కాలికి చెప్పు తొడుక్కుంటాం, తప్పు లేదు. చేతికి చెప్పు తొడుక్కుంటామేంటండీ? తోలు పట్టిన చెయ్యి స్వామి పల్లకీ పట్టకూడదు. ఆడుకోండి, వద్దనను. ఆ గోలు దగ్గర మాత్రం ఇంకెవరినైనా పెట్టుకోండి."

మా కంసాలికి నోరు ఆగదు. పల్లకీ మోసేది భుజంతో కదండీ, చేత్తో కాదు కదా అన్నాడు. పెద్దాయన కాస్త ఆలోచించి, నిజమే, అయితే కుడి భుజానికి కూడా బంతి తగలకూడదు అన్నారు. ఆ తరవాత చాలా రోజులు మేమెవరం కంసాలికి బంతి ఇవ్వలేదు.

గోలు తాను కాస్తానని మేష్టారు ముందుకొచ్చారు. కామందుగారు ఒప్పుకోలేదు. నా గుమ్మంలో ఇంకొకరు నిలబడతారేంటండీ అన్నారు. పెద్దాయన వైపు తిరిగి, చేతులకీ కుడి భుజానికీ బంతి తగలనివ్వనని మాట ఇచ్చారు. గుమ్మం వదలనని కూడా అన్నారు. ఆ రెండూ ఎలా కుదురుతాయో అక్కడున్న ఎవరికీ అర్థం కాలేదు. నాకైతే నవ్వొచ్చింది. ఆ నవ్వు మైదానంలో ఆయన్ని చూసేదాకానే ఉంది.

మొదటి రోజు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. ఎవరో తన్నిన బంతి చెవి పక్కకి రాగానే కుడి చెయ్యి తనంతట తాను పైకి లేచింది. తగలక ముందే లాక్కున్నారు గానీ, ఆయన ముఖం పాలిపోయింది. ఆట ఆపించి, కండువా తీసి, మేష్టారిని పిలిచి వెనక్కి తిరిగి నిలబడ్డారు. "గట్టిగా కట్టండి మేష్టారూ. దీనికి నా మాట లెక్కలేదు." ఊళ్ళో పెద్ద రైతు మణికట్లు రెండూ కలిపి, మిషన్ బడి మేష్టారు ముడి వేస్తుంటే మేం చుట్టూ చేరి చూశాం.  

ఆ తరవాత ఆయన ఆడిన ఆట నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. రాజమండ్రిలో చూశాను, కాకినాడలో చూశాను. కోతుల్లాగా ఎగిరేవాళ్ళున్నారు, పాముల్లాగా సాగేవాళ్ళున్నారు. వాళ్ళకి చేతులున్నాయి. ఈయన ఛాతీతో ఆపేవారు. మోకాలితో, పిక్కతో, నుదుటితో ఆపేవారు. నేల బారున వస్తే గొంతుక్కూర్చుని తొడల మధ్య పట్టేవారు. చేతులు వెనక ఉన్న మనిషి పడితే నేలను ఆపేది ముఖమే. పడేవారు, మట్టి ఉమ్మి లేచేవారు. ఛాతీకి బంతి తగిలిన చప్పుడు కాలవ అవతల బట్టలుతికేవాళ్ళు తలెత్తి చూసేటంత ఉండేది. ఆట అయ్యాక చొక్కా లేని ఆ ఒంటి మీద కమిలిన గుండ్రాలు చూసి అమ్మగారు దడి వెనక నిలబడేవారు. ఆవిడ ఎత్తిపొడవనిది ఆ రోజుల్లోనే.

ఆశ్చర్యం దెబ్బలు ఓర్చుకోవడం కాదు. బంతి ఎటు వస్తుందో ఆయనకి ముందే తెలిసేది. కొట్టేవాడి కాలు లేవకముందే ఆ చోట ఉండేవారు. ఎలాగండీ అని మేష్టారు అడిగారు ఒకసారి.

"నేను బంతిని చూడనండీ. వచ్చే మనిషిని చూస్తాను. గుమ్మంలోకి వచ్చేవాడి ముఖం చూస్తే, కూర్చోవడానికి వచ్చాడో, అడగలేక వచ్చాడో, తొందరలో ఉన్నాడో తెలియదేంటండీ?"

ఊళ్ళోవాళ్ళు ఆట చూడ్డానికి కాకుండా ఆయన్ని చూడ్డానికి రావడం మొదలుపెట్టారు. గుడి పెద్దాయన కూడా గట్టు మీద మంచం వేయించుకుని కూర్చునేవారు. మాట తప్పుతారేమోనని చూడ్డానికి వచ్చిన మనిషి, కొన్నాళ్ళకు ఆయన పడ్డప్పుడల్లా మంచం మీద సగం లేచేవారు.

వంతెన పూర్తయింది. దొరలు సామాను సర్దుకుంటున్నారు. వెళ్ళేలోగా ఒక్క ఆట ఆడదామని కబురు పంపారు. ఈ ఒక్కసారికి భోజనాలు మానేయండని మేష్టారూ నేనూ వెళ్ళి బతిమాలాం. ఓడకుండా ఇంటికెళ్తే అదే మాకు గెలుపండీ అని కూడా చెప్పాం. కామందుగారు మేం చెప్పిందంతా శ్రద్ధగా విన్నారు. ఊరు వదిలి వెళ్ళిపోతున్నవాళ్ళని ఆకలితో పంపమంటారేంటండీ అన్నారు. ఆ పూట పొట్టుకూరతోపాటు అరిసెలు కూడా వడ్డించారు.

భోజనాలకి ముందు చెరో గోలు పడింది. తరవాత మామూలుగానే అందరం బరువుగా తిరుగుతున్నాం. భోజనం మేష్టారి వేళ్ళలోకి కూడా దిగినట్టుంది, రెండోసారి కండువా ముడి సరిగ్గా పడలేదు. ఆట ముగియబోతుండగా వాళ్ళలో పెద్ద మీసాల దొర దూరం నుంచి ఒక తన్ను తన్నాడు. గట్టి తన్నేం కాదు. బంతి పైకి లేచి, తీరిగ్గా, దారి అడుగుతున్నట్టు వస్తోంది. కామందుగారు దాని కింద ముందే ఉన్నారు. కానీ అది నుదుటికి అందని ఎత్తులో ఉంది. చెయ్యెత్తితే చాలు. అప్పుడే కండువా జారి కింద పడింది. గట్టు మీదున్నవాళ్ళందరూ చూశారు, ఆయన చేతులు విడిపోయాయి. కుడి చెయ్యి లేచింది. చెవి దాకా వచ్చింది. అక్కడ ఆగింది. నేను పక్కనే ఉండి చూశాను. బంతి ఆ వేళ్ళ పక్కనుంచి, కొబ్బరితాడు కిందనుంచి లోపలికి వెళ్ళిపోయింది.

దొరలు కూడా అరవలేదు. మీసాల దొర దగ్గరకొచ్చి నిలబడ్డాడు. కామందుగారు రెండు చేతులూ జోడించి, "బాగా కొట్టారండీ" అన్నారు. మా వెనకనుంచి కంసాలి, ఉన్న చేతులు ఎందుకండీ మరి అని పైకే అన్నాడు.  ఆయన వాడికేసి చూశారు. పల్లె కుర్రాళ్ళు తలలు వంచుకుని వెళ్ళిపోతుంటే, వాళ్ళు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డారు.

వంతెనవాళ్ళు వెళ్ళిపోయారు. ఆడడానికి ఎదుటివాళ్ళు లేని క్లబ్బు ఎన్నాళ్ళుంటుంది? మాలో మేం కొన్నాళ్ళు తన్నుకున్నాం. తరవాత నాట్లు వచ్చాయి, ఆ తరవాత కోతలు. ఆ ఏడు కాలవ పక్క చెక్కలో మినుము పడుతుందని అందరికీ తెలుసు. ఇంతలో కల్యాణం వచ్చింది.

ఊరేగింపు రోజు పట్టుపంచె కట్టుకుని కామందుగారు వచ్చారు. పల్లకీలో స్వామి సిద్ధం, మేళం మొదలైంది. మిగతా ముగ్గురూ బొంగుల కింద భుజాలు పెట్టారు. ఈయన పల్లకీ పక్కన నిలబడి దణ్ణం పెట్టుకుని, వెనక ఉన్న తమ్ముణ్ణి ముందుకు పిలిచి, నువ్వు పట్టు అన్నారు. మేళం తడబడింది. గుడి పెద్దాయన గబగబా వచ్చారు.

"అదేంటండీ. మీరు మాట నిలబెట్టుకున్నారు. నేను కళ్ళారా చూశాను. మీ చేతులకి ఏ దోషమూ లేదు."

"అదేనండీ నా బాధ," అన్నారు కామందుగారు. ఊరంతా వింటోంది. ఆయన ఎప్పటిలాగే నెమ్మదిగా, ఇంటికొచ్చిన మనిషికి కుర్చీ చూపిస్తున్నట్టు మాట్లాడారు. "పదిమంది నా చేతుల కోసం చూశారు. నా వాళ్ళేనండీ. వాళ్ళకి ఇవ్వకుండా దాచాను. వాళ్ళకి లేవన్న చేతులు తీసుకొచ్చి స్వామికి ఇవ్వడం నాకు మర్యాదగా తోచడం లేదండి."

 పెద్దాయనకి ఆయన్ని వెలి వేయడానికి తప్పు లేదు, పల్లకీ మోయించడానికి దారి లేదు. తమ్ముడు భుజం పెట్టాడు. పల్లకీ కదిలింది. కామందుగారు దాని వెనక, మా అందరితోపాటు జనంలో నడిచారు. ఆయన తాతల నుంచీ ఆ వంశంలో పెద్దకొడుకు స్వామిని వెనకనుంచి చూడడం అదే మొదలట. ఊరేగింపు పొడుగునా నేను ఆయన పక్కనే నడిచాను. ఏదో ఒకటి అని ఆయన్ని నవ్వించాలని ఉంది. నా దగ్గర ఏమీ లేదు.

మర్నాడు పొద్దున మేష్టారికీ, నాకూ కబురొచ్చింది. కాలవ పక్క చెక్కకి వెళ్ళేసరికి ఆయన మళ్ళీ పాతించిన వెదుళ్ళ మధ్య నిలబడి ఉన్నారు. కండువా నడుముకు చుట్టుకున్నారు. చేతులు రెండూ ముందుకు చాపి ఉన్నాయి, ఏం చెయ్యాలో తెలియనట్టు. కొట్టండి మేష్టారూ అన్నారు.

మేష్టారు మెల్లగా తన్నారు. ఆయన పట్టుకోలేకపోయారు. అన్నాళ్ళు గోలు కాసిన మనిషికి బంతి పట్టడం రాదు. చేతులు ఒకసారి ముందే మూసుకున్నాయి, ఒకసారి వెళ్ళిపోయాక మూసుకున్నాయి. ఛాతీ అలవాటుగా అడ్డం వచ్చేస్తోంది. నేను బంతి తెచ్చి ఇస్తున్నాను, మేష్టారు తన్నుతున్నారు. ఆఖరికి ఒకటి అరచేతుల్లో పడింది. పసిపిల్లని అందుకున్నట్టు రెండు చేతులతో దగ్గరకి తీసుకున్నారు. అటూ ఇటూ తిప్పి చూశారు. కుట్ల మీద బొటనవేలు నడిపారు. పైకి కొంచెం ఎగరేసి మళ్ళీ పట్టుకున్నారు. ఛాతీ మీద అన్ని కమిలిన గుండ్రాలు మోసిన మనిషి, మా ఇద్దరికేసీ వింతగా చూశారు.

"ఇది ఇంత తేలికేంటండీ!"

మేష్టారు ముఖం పక్కకి తిప్పుకున్నారు. బంతి ఇలా విసరండని నేను చేతులు చాపాను. ఆయన విసరలేదు. చేనంతా నడిచి మేష్టారి దగ్గరకి వెళ్ళి, పెద్దలకి పండు ఇచ్చినట్టు రెండు చేతులతోనూ బంతిని ఆయన చేతుల్లో పెట్టి, తిరిగి వెళ్ళి వెదుళ్ళ మధ్య నిలబడ్డారు.

"మళ్ళీ కొట్టండి మేష్టారూ. ఈసారి కాస్త గట్టిగా."